ఇంటర్ తర్వాత సైన్యం ఖర్చుతో బీటెక్: దరఖాస్తు నుంచి జాయినింగ్ లెటర్ దాకా

సికింద్రాబాద్‌లో తిరుమలగిరి మీదుగా రోజూ బస్సులో వెళ్లే పిల్లల్లో చాలామందికి, ఆ కంటోన్మెంట్ గోడల వెనక ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఉందని తెలియదు. దాని పేరు మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీరింగ్. మిలిటరీ వాళ్లు ఎంసీఈఎంఈ అంటారు. అక్కడ ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు పనికిరాదు. మేనేజ్‌మెంట్ కోటా లేదు, ఫీజు లేదు. అక్కడ చదివి, శిక్షణ మొత్తం పూర్తయ్యేసరికి చేతిలో బీటెక్ పట్టా, భుజం మీద లెఫ్టినెంట్ నక్షత్రాలు ఉంటాయి.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఏటా ఎంపీసీ సెక్షన్లలో ఒకరిద్దరు వచ్చి, "సార్, ఆర్మీలో ఇంజినీరింగ్ ఎలా చదవాలి?" అని అడుగుతారు. తెలివైన పిల్లలు. కానీ వాళ్లు అడిగే సరికి చాలాసార్లు ఆఖరి తేదీ దాటిపోయి ఉంటుంది, లేదా ఆధార్‌లో పేరు తప్పు ఉంటుంది, లేదా అసలు ఆ దారి వాళ్లకు వర్తించదు. అందుకే మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను. ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగానే ఇది చదివితే ఇంకా మంచిది.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. ఇక్కడ మిమ్మల్ని ఎంపిక చేసేది ఇంజినీరింగ్ సీటుకు కాదు, ఆఫీసర్ ఉద్యోగానికి. చదువు అందులో ఒక భాగం. జేఈఈ ర్యాంకు మిమ్మల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అంతే. లోపలికి రమ్మనాలా వద్దా అని తేల్చేది ఎస్‌ఎస్‌బీ, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పెట్టే ఐదు రోజుల ఎంపిక పరీక్ష. మన పిల్లలు రెండేళ్లు గుమ్మం దాకా వెళ్లడానికే చదివి, అక్కడి నుంచి వెనక్కి వస్తున్నారు.

మొదటి పని: మీ దారి ఏదో తేల్చుకోండి

ఇంటర్ అర్హతతో సైన్యంలో ఇంజినీరింగ్ చదవడానికి మూడు ప్రధానమైన దారులున్నాయి.

ఒకటి, ఆర్మీ వాళ్ల టెక్నికల్ ఎంట్రీ స్కీమ్. క్లుప్తంగా టీఈఎస్. ఏడాదికి రెండు కోర్సులు, జనవరిలో ఒకటి, జులైలో ఒకటి. ఒక్కో కోర్సుకు 90 దాకా ఖాళీలు ఉంటాయి. పెళ్లికాని అబ్బాయిలకు మాత్రమే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడింటిలో కలిపి 60 శాతం ఉండాలి, జేఈఈ మెయిన్ రాసి ఉండాలి. రాత పరీక్ష వేరే లేదు. శిక్షణ మొత్తం నాలుగేళ్లు. మొదటి మూడేళ్లు పుణెలోని కాలేజ్ ఆఫ్ మిలిటరీ ఇంజినీరింగ్ లాంటి సైనిక కాలేజీలో గానీ, మన తిరుమలగిరి కాలేజీలో గానీ, చివరి ఏడాది డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో.

రెండోది, నేవీ వాళ్ల టెన్ ప్లస్ టూ బీటెక్ క్యాడెట్ ఎంట్రీ. కేరళలో కన్నూర్ దగ్గర ఎళిమలలో ఇండియన్ నేవల్ అకాడమీ ఉంది. అక్కడే నాలుగేళ్లు బీటెక్. ఎలక్ట్రానిక్స్, మెకానికల్ వైపు బ్రాంచీలు ఉంటాయి. ఇక్కడ ఎంపీసీలో 70 శాతం కావాలి, పదిలో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లీష్‌లో 50 శాతం ఉండాలి. ఎస్‌ఎస్‌బీకి పిలిచేది జేఈఈ మెయిన్ ఆలిండియా ర్యాంకు చూసి. ఇటీవలి నోటిఫికేషన్లలో అమ్మాయిలకూ కొన్ని సీట్లు ఇస్తున్నారు. మొత్తం సీట్లే 40 చుట్టూ ఉంటాయి కాబట్టి పోటీ గట్టిగా ఉంటుంది.

మూడోది అందరికీ తెలిసిన ఎన్‌డీఏ, అంటే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. ఖాళీలు ఒక్కోసారి 400 దరిదాపుల్లో ఉంటాయి. అబ్బాయిలు, అమ్మాయిలు ఇద్దరూ రాయొచ్చు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో అమ్మాయిలకు తలుపు తెరుచుకుంది. 2022లో చేరిన మొదటి బ్యాచ్‌లోని 17 మంది అమ్మాయిలు 2025 మేలో ఖడక్‌వాస్లా నుంచి పాసై వెళ్లారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎన్‌డీఏలో ఆర్మీ ఎంచుకుంటే వచ్చేది బీఎస్సీ, బీఏ లాంటి డిగ్రీ. ఇంజినీరింగ్ పట్టానే కావాలంటే దరఖాస్తులో నేవీని, ఎయిర్‌ఫోర్స్‌ను ముందు ప్రాధాన్యంగా ఇవ్వాలి. ఆ రెండింటి క్యాడెట్లకు బీటెక్ ఇస్తారు. ఖడక్‌వాస్లాలో మూడేళ్లయ్యాక నేవీ వాళ్లు ఎళిమలకు, ఎయిర్‌ఫోర్స్ వాళ్లు మన హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి వెళ్తారు.

ఈ పట్టాల విలువ ఎంత అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఈ సంస్థలకు ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ డిగ్రీ ఇస్తుంది. ఎక్కడైనా చెల్లుతుంది.

పేరు చూసి పొరబడే కాలేజీ ఒకటుంది. పుణెలోని ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. ఇది ఆర్మీలో పనిచేసేవాళ్ల, పనిచేసి రిటైరైనవాళ్ల పిల్లల కోసం పెట్టిన మామూలు ఇంజినీరింగ్ కాలేజీ. అందులో చదివితే ఆఫీసర్ అయిపోరు, సైన్యంలో చేరాలన్న నిబంధనా లేదు. మీ నాన్నగారు ఆర్మీలో ఉంటే తప్పకుండా ఆలోచించండి, లేకపోతే ఆ పేరు పక్కన పెట్టేయండి.

అమ్మాయి అయితే మీ దారులు ఎన్‌డీఏ, నేవీ బీటెక్. అబ్బాయి అయితే మూడింటికీ పెట్టండి. ఒక దాంట్లో రాకపోయినా మరో దానికి అడ్డు ఉండదు.

వయసు లెక్క, ఇంటర్ మార్కుల లెక్క

టీఈఎస్‌కు, ఎన్‌డీఏకు స్థూలంగా పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి. నేవీ బీటెక్‌కు పదిహేడు నుంచి పందొమ్మిదిన్నర. కోర్సు మొదలయ్యే నెలను బట్టి పుట్టిన తేదీల హద్దులు నోటిఫికేషన్‌లో ఇస్తారు. ఉదాహరణకు 2026 జనవరి టీఈఎస్ కోర్సుకు 2006 జులై 2 నుంచి 2009 జులై 1 మధ్య పుట్టినవాళ్లే అర్హులు. ఒక్క రోజు అటూ ఇటూ అయినా కుదరదు. లాంగ్ టర్మ్ తీసుకునే పిల్లలు ఈ సంగతి ముందే చూసుకోవాలి. జేఈఈ కోసం రెండేళ్లు ఆగితే ఈ దారి మూసుకుపోతుంది.

ఇక మార్కులు. మన ఇంటర్ పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. టీఈఎస్‌కు 60 శాతం లెక్కగట్టేది పన్నెండో తరగతి మార్కుల మీదే, అంటే సెకండియర్ మార్కుల మీదే. వెయ్యికి వచ్చిన మొత్తం మార్కులు చూడరు.

నా దగ్గర చదివిన ఒకబ్బాయికి వెయ్యికి 724 వచ్చాయి. 72 శాతం ఉందని ధీమాగా ఉన్నాడు. ఇద్దరం కూర్చుని సెకండియర్ ఎంపీసీ విడిగా కూడాం. టూఏలో 38, టూబీలో 41. ఫిజిక్స్ థియరీ 31, ప్రాక్టికల్స్ 27. కెమిస్ట్రీ థియరీ 33, ప్రాక్టికల్స్ 26. కలిపితే 196. గరిష్ఠం ఎంత? లెక్కలకు 75, 75 చొప్పున 150. ఫిజిక్స్‌కు 60, 30 కలిపి 90, కెమిస్ట్రీకి మరో 90. మొత్తం 330. అంటే 59.39 శాతం. రెండే రెండు మార్కులు తక్కువ. సంస్కృతంలో వచ్చిన 98 అతన్ని కాపాడలేకపోయింది.

కాబట్టి ఈ పద్ధతిలో పరీక్ష రాసినవాళ్లు 330కి టీఈఎస్ కోసం కనీసం 198, నేవీ కోసం కనీసం 231 రావాలని గుర్తుపెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్ బోర్డు మార్కుల విధానం మారుస్తోంది కాబట్టి మీ మెమోలో ఏ పేపరుకు ఎంత గరిష్ఠం అని ఉందో దానితోనే లెక్క కట్టండి. శాతం రెండు దశాంశాల దాకా రాయాలి, పైకి సవరించకూడదు. 59.99ని 60గా వేస్తే అది తప్పుడు సమాచారం కిందికి వస్తుంది.

పేరు సరిచేసుకోండి, ఈ వారమే

ఈ పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ దీని దగ్గర ఆగిపోయినవాళ్లు ఎందరో. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు ఉంటుంది. పదో తరగతి మెమోలో పూర్తి ఇంటిపేరుతో రాసి ఉంటుంది. ఆధార్ తీసినవాళ్లు ఒక్క అక్షరం వేసి వదిలేస్తారు, లేదా ఇంటిపేరును చివరకు తోస్తారు. జేఈఈ అప్లికేషన్ నెట్ సెంటర్ అబ్బాయి నింపుతాడు, అతను ఆధార్ చూసి కొడతాడు. చివరికి ఒకే పిల్లవాడికి మూడు కాగితాల్లో మూడు పేర్లు.

సైన్యం దరఖాస్తులన్నింటికీ ఆధారం పదో తరగతి మెమో. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా దాని ప్రకారమే ఉండాలి. మెమోను ముందు పెట్టుకుని ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోండి. జేఈఈ మెయిన్‌కు అప్లై చేసేటప్పుడు కూడా మెమోలో ఉన్న పేరే కొట్టండి. మెమోలోనే తప్పు ఉంటే బోర్డుకు దరఖాస్తు చేసి సరిచేయించుకోవడానికి చాలా రోజులు పడుతుంది. అందుకే ఫస్టియర్‌లోనే చూసుకోమని చెబుతాను.

ఎప్పుడు, ఎక్కడ అప్లై చేయాలి

సెకండియర్ పిల్లవాడి ఏడాది ఇలా నడుస్తుంది. జనవరిలో, ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ సెషన్లు. మార్చిలో ఇంటర్ పరీక్షలు. ఫలితాలు వచ్చాక మే, జూన్ ప్రాంతంలో జనవరి కోర్సుకు టీఈఎస్ దరఖాస్తులు తీసుకుంటారు. అప్పుడు తప్పిపోతే అక్టోబరు, నవంబరులో తర్వాతి జులై కోర్సుకు మళ్లీ తీసుకుంటారు. నేవీ బీటెక్‌కు కూడా ఏడాదికి రెండుసార్లు, వేసవి చివర్లో ఒకసారి, డిసెంబర్ చుట్టుపక్కల మరోసారి నోటిఫికేషన్ వస్తుంది. రెండు వారాలే గడువు ఇచ్చిన సందర్భాలున్నాయి. వారానికోసారి వెబ్‌సైట్ చూసే అలవాటు చేసుకోండి, ఎవరో వాట్సాప్‌లో పంపుతారని కూర్చోవద్దు.

ఆర్మీకి జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్, నేవీకి జాయిన్ ఇండియన్ నేవీ వెబ్‌సైట్. ప్రభుత్వ సైటేనా కాదా అని చిరునామా చూసుకోండి. ఈ రెండింటికీ దరఖాస్తు రుసుము లేదు. ఎన్‌డీఏకు యూపీఎస్సీ సైట్‌లో పెట్టాలి. అబ్బాయిలకు 100 రూపాయలు. అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీలకు అదీ లేదు. ఎన్‌డీఏకు సెకండియర్ చదువుతూ కూడా రాయొచ్చు. టీఈఎస్‌కు మాత్రం పాసై ఉండాలి.

ఫారం నింపేటప్పుడు నెట్ సెంటర్‌కు వెళ్లినా, కీబోర్డు ముందు మీరే కూర్చోండి. టీఈఎస్ కోసం ఆఫీసర్ ఎంట్రీ విభాగంలో రిజిస్టర్ అవ్వాలి. జవాన్ల రిక్రూట్‌మెంట్ అదే సైట్‌లో వేరే విభాగం, పొరపాటున అందులోకి వెళ్లకండి. జేఈఈ మెయిన్ వివరాలు స్కోర్ కార్డు చూసి నింపండి. మొబైల్ నంబరు, మెయిల్ మీవే ఇవ్వండి. నెట్ సెంటర్ వాళ్ల మెయిల్ ఇస్తే ఎస్‌ఎస్‌బీ కబురు వాళ్లకు వెళ్తుంది. చివరి తేదీ తర్వాత రోల్ నంబరుతో దరఖాస్తు ప్రింట్ వస్తుంది. రెండు కాపీలు తీసుకోండి. ఒకటి సంతకం పెట్టి ఎస్‌ఎస్‌బీకి తీసుకెళ్లాలి, రెండోది మీ దగ్గర ఉంచుకోవాలి.

ఈ దారిలో ఎక్కడా ఎవరికీ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. "కల్నల్ గారు మనవాళ్లే, ఐదు లక్షలు ఇస్తే చూస్తారు" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఆ డబ్బు తిరిగి రాదు, కొడుకు భవిష్యత్తు కూడా కేసుల్లో ఇరుక్కుంటుంది.

ఎన్‌డీఏ రాత పరీక్ష గురించి కొంచెం

లెక్కల పేపర్ 300 మార్కులు, 120 ప్రశ్నలు. జనరల్ ఎబిలిటీ 600 మార్కులు, 150 ప్రశ్నలు. ఒక్కోటి రెండున్నర గంటలు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కులు పోతాయి. ప్రశ్నపత్రం ఇంగ్లీష్, హిందీల్లోనే ఉంటుంది. హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతిలో సెంటర్లు ఉంటాయి.

జేఈఈకి చదివేవాళ్లకు ఇక్కడి లెక్కలు కొత్తగా ఉండవు. మనవాళ్లు పోగొట్టుకునేది రెండో పేపర్లో. అందులో 200 మార్కులు ఇంగ్లీష్‌కే, మిగతావి సైన్స్, చరిత్ర, భూగోళం, వర్తమాన విషయాలకు. ఇంటర్‌లో చరిత్ర పుస్తకం పట్టుకోని పిల్లవాడు ఎనిమిది నుంచి పదో తరగతి దాకా సోషల్ పుస్తకాలు మళ్లీ తిరగేస్తే చాలావరకు గట్టెక్కుతాడు. రోజూ ఒక ఇంగ్లీష్ పేపర్ చదవండి. దానివల్ల లాభం రాత పరీక్షతో ఆగదు.

ఎస్‌ఎస్‌బీ: అసలు పరీక్ష

టీఈఎస్‌లో, నేవీ బీటెక్‌లో తుది మెరిట్ ఎస్‌ఎస్‌బీ మార్కులతోనే వేస్తారు. జేఈఈలో ఎంత మంచి పర్సంటైల్ వచ్చినా అది అక్కడ కలవదు. ఎన్‌డీఏలో రాత పరీక్షకు 900, ఎస్‌ఎస్‌బీకి 900. అంత బరువు దీనికుంది.

ఆర్మీ బోర్డులు బెంగళూరు, భోపాల్, ప్రయాగ్‌రాజ్, జలంధర్ వైపు ఉన్నాయి. నేవీకి విశాఖపట్నంలోనూ బోర్డు ఉంది. టీఈఎస్‌లో షార్ట్‌లిస్ట్ అయ్యాక తేదీని మీరే వెబ్‌సైట్‌లో ఎంచుకోవాలి. ముందు వచ్చినవాళ్లకు ముందు. కబురు రాగానే తేదీ తీసుకోండి. మొదటిసారి వెళ్తున్నవాళ్లకు రైలు ఛార్జీ తిరిగి ఇస్తారు, కాబట్టి టికెట్లు పారేయకండి.

మొత్తం ఐదు రోజులు. మొదటి రోజు స్క్రీనింగ్. లాజిక్ ప్రశ్నల పేపర్ ఒకటి, ఆ తర్వాత ఒక మసక బొమ్మ. తెర మీద 30 సెకన్లు కనిపిస్తుంది. నాలుగు నిమిషాల్లో దాని మీద ఒక కథ రాయాలి. తర్వాత పదిహేను మంది దాకా గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరు ఒక నిమిషంలో తమ కథ చెప్పి, అందరూ చర్చించి ఒకే కథకు రావాలి. సగానికి పైగా పిల్లలు ఆ సాయంత్రమే రైలెక్కేస్తారు.

మన పిల్లలు ఆగిపోయేది ఈ చర్చ దగ్గరే. ఉత్తరాది పిల్లలు ధారాళంగా మాట్లాడేస్తుంటే, మనవాడు మనసులో వాక్యం కూర్చుకుంటూ ఉంటాడు. వాక్యం సిద్ధమయ్యేలోగా చర్చ ముగుస్తుంది. ఇంగ్లీష్‌లో తప్పులు దొర్లినా పర్వాలేదు, నోరు విప్పకపోతేనే కష్టం. గ్రామర్ తప్పిన వాక్యంతో కూడా, "ఇతను చెప్పింది బాగుంది, దీనికి అది కలుపుదాం" అని పదిమందిని ఒక దారికి తెచ్చిన కుర్రాణ్ణి బోర్డు గమనిస్తుంది. గొంతు పెంచి అందరినీ అణిచేసినవాణ్ణి కూడా గమనిస్తుంది, వేరే విధంగా.

దీనికి ఇంట్లోనే సాధన చేయొచ్చు. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురు నలుగురు స్నేహితులు డాబా మీద కూర్చోండి. పేపర్లో వచ్చిన ఒక ఫొటో చూడండి. ఫోన్‌లో నాలుగు నిమిషాలు పెట్టుకుని కథ రాయండి. ఒక్కొక్కరు లేచి ఒక నిమిషం చెప్పండి. మొదటి వారం నవ్వులు, తడబాట్లు తప్పవు. మూడో వారానికి మాట దానంతట అదే వస్తుంది. రెండు నెలలు ఇలా చేసి వెళ్లిన మా పిల్లలు స్క్రీనింగ్ దాటడం నేను చూశాను.

రెండో రోజు సైకాలజీ పరీక్షలు. పన్నెండు బొమ్మలకు కథలు, అందులో చివరిది ఖాళీ కాగితం. 60 మాటలు, ఒక్కో మాటకు 15 సెకన్లలో వాక్యం. 60 సందర్భాలకు అరగంటలో మీరేం చేస్తారో రాయాలి. అమ్మానాన్నలు, టీచర్లు, స్నేహితులు మీ గురించి ఏమనుకుంటారో, మీ గురించి మీరేమనుకుంటారో రాయాలి. బట్టీ పట్టిన జవాబులు ఇక్కడ నిలబడవు. అంత వేగంలో లోపల ఉన్నదే బయటకు వస్తుంది.

తర్వాతి రెండు రోజులు మైదానంలో. దుంగలు, తాళ్లు, డ్రమ్ములతో గీత తాకకుండా అడ్డంకులు దాటడం, మ్యాప్ మీద ప్రణాళిక వేయడం, మూడు నిమిషాల ప్రసంగం, ఒంటరిగా పది ఆటంకాలు, పాములాంటి పొడవాటి బరువును మోసుకుంటూ గుంపుగా పరుగు. ఎక్కువ భాగం బృందంతో కలిసి పనిచేసేవే. మన హాస్టళ్లలో పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లలో కూర్చున్న పిల్లవాడికి ఎవరితోనైనా కలిసి ఒక పని పూర్తి చేసిన అనుభవమే ఉండదు. సెలవుల్లో ఊళ్లో క్రికెట్ జట్టు నడపండి, వినాయక చవితి పందిరి పనులు మీద వేసుకోండి. అదే మీ తర్ఫీదు.

ఇంటర్వ్యూ గురించి ఒక సంగతి చెప్పాలి. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి, నాన్న మిర్చి రైతు. ఫారంలో తండ్రి వృత్తి వ్యవసాయం అని రాశాడు. ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ అడిగారట: మిర్చి ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు వస్తుంది? మందులకు ఎంతవుతుంది? నిరుడు ఏ ధరకు అమ్మారు? నీళ్లు బోరువా, కాలవవా? వీడికి ఒక్కటీ తెలియదు. పదో తరగతి నుంచీ హాస్టల్లోనే ఉన్నాడు. తిరిగొచ్చాక నా దగ్గర కూర్చుని, "సార్, మా నాన్న ఏం చేస్తాడో నాకు తెలియదని నాకు అక్కడే తెలిసింది" అన్నాడు. ఆ సెలవులన్నీ పొలంలో గడిపాడు. కల్లంలో మిర్చి ఎండబెట్టడం దగ్గర్నుంచి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలడం దాకా నాన్న వెంటే తిరిగాడు. రెండోసారి ఎన్‌డీఏ ద్వారా బోర్డుకు వెళ్లినప్పుడు అవే ప్రశ్నలకు కళ్లల్లో వెలుగుతో జవాబు చెప్పి రికమెండ్ అయ్యాడు, అంటే బోర్డు అతన్ని ఎంపిక చేసింది.

కాబట్టి మీ ఇంటి గురించి, మీ ఊరి గురించి, మీ జిల్లా గురించి తెలుసుకోండి. మీ ఊరి పక్కన ఉన్న ప్రాజెక్టు ఏ నది మీద ఉంది? మీ ఇంట్లో ఫ్రిజ్ ఎలా చల్లబడుతుంది? మార్కులు ఇంటర్‌లో ఎందుకు తగ్గాయి? నిజం చెప్పండి. ఒక అబద్ధం చెబితే దానికి ఇంకో పది ప్రశ్నలు వస్తాయి.

ఐదో రోజు కాన్ఫరెన్స్, అంటే బోర్డు సభ్యులంతా కలిసి మిమ్మల్ని చూడటం, ఆ తర్వాత ఫలితం. రికమెండ్ కాకపోతే అది ఫెయిల్ అవడం కాదు. రెండోసారి, మూడోసారి వెళ్లి ఆఫీసర్లు అయినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఒళ్లు, కళ్లు, చెవులు

రికమెండ్ అయినవాళ్లకు మిలిటరీ హాస్పిటల్లో మెడికల్ ఉంటుంది. బోర్డు దాటి ఇక్కడ ఆగిపోతే పడే బాధ చాలా ఎక్కువ. కాబట్టి అప్లై చేసే ముందే మంచి కంటి డాక్టర్ దగ్గర చూపుతో పాటు రంగుల పరీక్ష చేయించుకోండి. రంగులు పోల్చుకోలేని లోపం ఉంటే అది మందులతో పోదు, ముందే తెలిస్తే వేరే దారి చూసుకోవచ్చు. కళ్లద్దాలు తీసేయాలని లాసిక్ చేయించుకోవద్దు. ఈ వయసులో ఆ ఆపరేషన్ చేయించుకుంటే అనర్హులవుతారు. చెవిలో గులిమి శుభ్రం చేయించుకోండి, పుచ్చిన పళ్లు ముందే బాగు చేయించుకోండి. పాదాల అడుగు చదునుగా ఉందా, మోకాళ్లు రాసుకుంటున్నాయా అని చూపించుకోండి. పచ్చబొట్టు వేయించుకోవాలన్న సరదా ఉంటే ఆపుకోండి.

మెడికల్‌లో తాత్కాలికంగా అన్‌ఫిట్ అన్నా కంగారు పడొద్దు. చిన్న సమస్య అయితే సరిచేసుకుని, 42 రోజుల్లోపు అప్పీల్ మెడికల్ బోర్డు ముందుకు వెళ్లొచ్చు. ఆ గడువును మాత్రం జారనివ్వకండి.

చేరే సమయానికి 2.4 కిలోమీటర్లు 15 నిమిషాల్లో పరుగెత్తగలగాలని, పుషప్‌లు, సిటప్‌లు కనీసం 20 చొప్పున, చినప్‌లు 8 తీయగలగాలని ఎన్‌డీఏ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. ఇదేం పెద్ద కొండ కాదు. ఇంటర్ పరీక్షలైన మర్నాటి నుంచి రోజూ పొద్దున అరగంట పరుగెత్తితే రెండు నెలల్లో వస్తుంది. వీలైతే ఈత నేర్చుకోండి, నేవీ కోరుకునేవాళ్లు మరీను.

ఇంట్లో కూర్చుని మాట్లాడాల్సినవి

దరఖాస్తు పెట్టే ముందే అమ్మానాన్నలతో కూర్చోండి. శిక్షణలో చదువు, తిండి, వసతి, పుస్తకాల ఖర్చు ప్రభుత్వానిదే. కమిషన్ అయ్యాక, అంటే ఆఫీసర్‌గా నియమితులయ్యాక, మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది, దానిపైన మిలిటరీ సర్వీస్ పే 15,500, ఇతర భత్యాలు. టెక్నికల్ ఎంట్రీలో వచ్చేది పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉండే ఉద్యోగం.

రెండో వైపూ చెప్పుకోవాలి. మధ్యలో "నాకు నచ్చలేదు" అని సొంతంగా వదిలేస్తే అప్పటిదాకా అయిన శిక్షణ ఖర్చు కట్టాలి, దానికి తల్లిదండ్రులు బాండు రాసిస్తారు. శిక్షణ అయ్యేదాకా పెళ్లి కుదరదు. తర్వాత ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్లాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలా ఆఫర్లు పోల్చుకుని మారేది కాదు. అమ్మలకు భయం ఉంటుంది, అది సహజం. ఆ భయాన్ని దాటవేయకుండా కూర్చుని మాట్లాడండి. ఇంట్లో ఒప్పుకోని పిల్లవాడు ఇంటర్వ్యూలో తడబడతాడు.

ఫలితం వచ్చేలోగా

జనవరి కోర్సుకు అప్లై చేసినవాళ్లకు జూన్ నుంచి డిసెంబర్ దాకా చేతిలో ఆరేడు నెలలు ఉంటాయి. ఈలోగా ఎంసెట్ కౌన్సెలింగ్ వస్తుంది. సీటు వచ్చిన చోట చేరండి. టీఈఎస్ వస్తుందో రాదో తెలియకుండా ఏడాది ఖాళీగా ఉండొద్దు.

అయితే చేరేటప్పుడు ఒక జాగ్రత్త. ఎస్‌ఎస్‌బీకి పది, ఇంటర్ ఒరిజినల్ మెమోలు కావాలి. మా విద్యార్థి ఒకడు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో చేరి ఒరిజినల్స్ అన్నీ ఆఫీసులో ఇచ్చేశాడు. ఎస్‌ఎస్‌బీ తేదీ వచ్చాక అడిగితే, "నాలుగేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లు" అన్నారు. వాళ్ల నాన్న మూడు రోజులు ఆ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాడు. చివరికి బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఇచ్చారు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ చెబుతూనే ఉంది. కాబట్టి చేరే రోజు వెరిఫికేషన్ అయ్యాక మెమోలు వెనక్కి అడగండి. ఇచ్చేది లేదంటే, ఏమేం తీసుకున్నారో కాలేజీ ముద్రతో రసీదు రాయించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు. పది మెమో, ఇంటర్ మెమో, జేఈఈ స్కోర్ కార్డు, ఆధార్, కులధ్రువీకరణ ఉంటే అది, ఒక్కోదానికి అటెస్ట్ చేసిన జిరాక్సులు, ఒకే ఫొటోవి ఇరవై పాస్‌పోర్టు సైజు ప్రింట్లు, అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి బీరువాలో ఉంచండి.

మెరిట్ లిస్టులో మీ నంబరు ఉండి, జాయినింగ్ లెటర్ వచ్చాక, అందులో తెచ్చుకోవాల్సిన వస్తువుల జాబితా, రిపోర్ట్ చేయాల్సిన రోజు, రైల్వే స్టేషన్ పేరు ఉంటాయి. తిరుమలగిరికే వేస్తే మీకు అది సికింద్రాబాద్. ఆ రోజు కాలేజీలో టీసీ తీసుకుని, బకాయి ఉంటే కట్టేసి, ఫోల్డర్ చంకన పెట్టుకుని బయల్దేరడమే.